ఇరవై ఏడో నంబరు ఇంటి ‘వద్దు’

నా చేతి చలవ వల్ల ఒకసారి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారు. ఒక పెద్దాయన గుమ్మం ముందు పదహారు మంది తలలు వంచుకుని నిలబడ్డారు. ఇంత ఘనకార్యానికి నాకు కావలసి వచ్చింది జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒకే ఒక్క పేజీ. చెబుతాను, నవ్వుకోండి, నాకు అలవాటే.

అది తొంభై తొమ్మిది డిసెంబరు. పూరీ గేట్ దగ్గర కంప్యూటర్ సెంటర్‌లో ఆరు నెలల కోర్సు అప్పుడే ముగించాను. ఆరు నెలలకే నా నడక మారిపోయిందని మా అమ్మ అనేది. మా తెలుగు సంఘం వాళ్లం ఏటా క్రిస్మస్ ముందు ఇంటింటికీ వెళ్లి క్యారల్స్ పాడతాం. రమ్మనేవాళ్లూ వద్దనేవాళ్లూ ముందే చీటీ మీద క్వార్టర్ నంబరు రాసి చర్చి పెట్టెలో వేస్తారు. నైట్ డ్యూటీ దిగి పగలంతా పడుకునే డ్రైవర్లున్న ఊరు కదా, అడక్కుండా డోలు వాయిస్తే ఊరుకోరు. ఆ చీటీలన్నిటినీ డేవిడ్ మామ పెన్సిలుతో నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ఆయన రిటైరైన టిక్కెట్ కలెక్టర్, మా పాటల బృందానికి పెద్ద.

“మామా, ఈసారి నోటుబుక్కు అక్కర్నేదు. నాను కంప్యూటర్లో సేసిస్తాను” అన్నాను.

“పెన్సిలుకేటైందమ్మా?” అన్నాడాయన.

పెన్సిలుకేమీ కాలేదు. అయిందంతా నాకే.

శుక్రవారం చీటీలన్నీ పేజీలోకి ఎక్కించి దాచాను. హడావిడిలో నంబర్లు చూశానే గానీ అవి ఎవరివో చూడలేదు. శనివారం ప్రింటు తీసి మామకిచ్చాను. చదువుతూ చదువుతూ ఆయన వేలు ఇరవై ఏడు దగ్గర ఆగిపోయింది. అది ప్రకాశం బాబాయ్ ఇల్లు. మా అందరికీ పాట నేర్పిన రూతమ్మ పిన్ని ఆయన భార్య. ఆ ఏడు వానాకాలంలోనే ఆవిడ పోయింది. అప్పటినుంచీ బాబాయ్ చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చుని, అందరూ పాడుతుంటే నోరు విప్పేవాడు కాదు.

“ప్రకాశం రమ్మన్నాడే” అని మామ కళ్లు తుడుచుకున్నాడు. ఆ వారమంతా పిన్నికి ఇష్టమైన పాట ప్రాక్టీసు చేశాం. పొగడ్తలన్నీ నేను మొహమాటం లేకుండా స్వీకరించాను.

బయల్దేరిన సాయంత్రం మొదటి ఇల్లు గూడ్సు డ్రైవర్ జోసెఫ్‌ది. డోలు మోగగానే కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు. వద్దని రాశాను కదా అన్నాడు. కాగితం చూపించాను. అచ్చులో ‘అవును’ అని ఉండేసరికి పాపం ఇంట్లోవాళ్ల మీద అనుమానం వచ్చి, చీటీ నువ్వు మార్చావా అని లోపలికెళ్లి భార్యని నిలదీశాడు. వీధి చివరిదాకా ఆవిడ జవాబు మాకు వినిపించింది. ఇంట్లో మాట్లాడుకోకపోతే ఇలాగే ఉంటుందని నేను పక్కవాళ్లకు హితబోధ కూడా చేశాను.

తర్వాత ఇరవై ఏడు. వరండాలో నక్షత్రం లేదు, దీపం లేదు. అయినా పాట ఎత్తుకున్నాం. రెండో చరణంలో తలుపు తెరుచుకుంది. బాబాయ్ ద్వారబంధం పట్టుకుని చివరిదాకా విన్నాడు.

“నాను వద్దని రాసినాను, డేవిడ్” అన్నాడు నెమ్మదిగా.

మామ నావైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. ముప్పై ఎనిమిది ఇళ్లు, ముప్పై ఎనిమిది అవునులు. రైల్వే ఊళ్లో ఒక్క ఇల్లూ డోలు వద్దనకపోవడమేమిటని, నేనే ఎక్కించిన ‘వద్దు’లన్నీ ఏమయ్యాయని నాకు అప్పటిదాకా తోచలేదు. అచ్చులో ఉన్నదే నిజమనుకున్నాను.

“తప్పు నాదే బాబాయ్. మీరు రాసింది నాను తారుమారు సేసినాను” అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన తలుపు బార్లా తీశాడు. “వద్దని రాసినాక నాకు నిద్ర పట్నేదమ్మా. మల్లీ రమ్మని సెప్పడానికి మొకం సెల్లనేదు. కూకోండి. గులాబీ పువ్వుల పిండివంట నేదు, అది ఆవిడే సేసేది. బిస్కట్లున్నాయి.”

ఇంకోసారి అదే పాట అడిగాడు. ఈసారి చాలా కింది గొంతుతో తనూ కలిశాడు. ఆ గొంతు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం తర్వాత ఏ ఉద్యోగంలోనూ కలగలేదు.

మర్నాడు పూరీ గేట్‌కు పరుగెత్తి చూశాను. రమ్మంటే ట్రూ, వద్దంటే ఫాల్స్. వాటిని దాచడానికి స్ట్రింగులుగా, అంటే ఉత్త అక్షరాలుగా మార్చాను. తిరిగి తీసేటప్పుడు ఆ అక్షరాల్లో ఏముందో చదవమనలేదు, ఏమైనా ఉందా అని మాత్రమే అడిగాను. ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా జావాస్క్రిప్ట్‌కు అవుననే లెక్క. ఫాల్స్ అన్న అయిదు ఇంగ్లీషు అక్షరాలు కనిపించగానే అది మమ్మల్ని సంతోషంగా వెళ్లమంది. ఒక్క లైను మార్చి సరిచేశాను, జోసెఫ్ భార్యకు క్షమాపణ చెప్పుకున్నాను.

మరుసటి ఏడు ఇరవై ఏడో నంబరు చీటీ విప్పాను. పెద్దక్షరాలతో ‘వద్దు’ అని ఉంది. కింద చిన్నగా ఇంకో వాక్యం ఉంది: “అమ్మాయ్, నీ కంప్యూటర్ని బాగుసెయ్యనేదు గదా? ఐదింటికి టీ పెట్టి ఉంచుతాను.”

కాబట్టి డేవిడ్ మామ పెన్సిలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్ట్రింగుగా మారిన ఏ ఫాల్స్‌నీ విప్పి చదవకుండా ఈ జన్మలో అవుననుకోను. ఇరవై ఏడో నంబరు ఇంటిది తప్ప.