అద్దం లేని కెమెరా

చేతిలోని చిన్న కెమెరాను చూసి పెద్ద కెమెరాల వాళ్లు "సబ్బుపెట్టె అక్కా" అని ఏడిపించినా ఆ పత్రికా ఫొటోగ్రాఫర్ పట్టించుకోదు. లెన్సు మార్చాల్సి వస్తే గాలికి వీపు తిప్పి, కెమెరాను బోర్లించి పట్టుకుని, చూడకుండానే పొడవాటి జూమ్ బిగిస్తుంది. ఆరోజు కచేరీ ఫొటో తేకపోతే పత్రికలో ఆమె ఉద్యోగం ఊడినట్టే. క్లిక్కుమనిపించిన ప్రతివాణ్నీ ముసలి గాయకుడు పాట ఆపి మరీ బయటికి పంపేశాడు. పెద్ద కెమెరాల్లో క్లిక్కుమన్నప్పుడల్లా లోపలి అద్దం టప్పున లేస్తుంది; ఆమె కెమెరాలో ఆ అద్దం లేదు, చప్పుడూ లేదు. వెనక గోడకు ఆనుకుని, చివరి పాటదాకా తీస్తూనే ఉంది.

"నువ్వొక్కదానివే బుద్ధిగా ఉన్నావమ్మా," అన్నాడాయన కచేరీ అయ్యాక.

"మూడొందల ఫొటోలు తీశానండీ," అంటూ కెమెరా వెనక తెర చూపించింది.

కళ్లు మూసుకుని, మెడనరాలు ఉబ్బి, పాటలో మునిగిపోయిన మొహం. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత భార్యను కేకేశాడు.

"ఏమేవ్, ఇలా రా! పాడేటప్పుడు నేనిలా ఉంటానట! రేపు పేపర్లో ఇదే వెయ్యాలమ్మా, పెద్దగా!"