సుజాత ఇటుక వదిలేసింది

మా యోగా క్లాసులో చివరి వరస నాదీ, సుజాతదీ. త్రికోణాసనంలో పక్కకు వంగితే మా ఇద్దరి చేతులూ నేలకు అందవు. అందుకే మేడం చెరొక చెక్క ఇటుక ఇచ్చి, "దీని మీద చెయ్యి ఆనించండి, నడుము మాత్రం వంకర పోకూడదు" అంటుంది. ఇటుక వదిలితే ఇద్దరం ఒకే రోజు వదలాలని ఒట్టు కూడా పెట్టుకున్నాం.

ఈ రోజు పొద్దున ఇటుక మీద చెయ్యి పెట్టి ఓరగా చూసినా. సుజాత అరచెయ్యి మొత్తం నేల మీద ఉంది! నడుము గీత గీసినట్టుంది. మేడం అందరి చేతా చప్పట్లు కొట్టించింది.

"ఎప్పుడు నేర్చినావు మే?" అన్నా.

"మా ఆయన పనికని కృష్ణపట్నం బస్సెక్కినాక రోజూ మిద్దె మీద చేస్తానే ఉన్నాలే అక్కా."

నిన్ననే కదా, నాతో కారం దోసె తింటా "ఇంట్లో తీరికెక్కడిది అక్కా" అనింది!

అంతటితో ఊరుకుందా? తన ఇటుక తెచ్చి నా ఇటుక మీద పెట్టి, "రెండూ నువ్వే వాడుకో అక్కా, ఇంకా సులువు" అనింది.

మీకూ ఇట్టాంటి సుజాతలుంటే చెప్పండి, కలిసి ఏడుద్దాం. నిజం చెప్పొద్దూ, రెండు ఇటుకల మీద సులువుగానే ఉండింది. ఒళ్లు మండేది అందుకే.