చిల్లు లేని రాతిరొయ్య

అరవై మూడో ఏట, వేట సీజన్ ఆఖరి రోజున, ఒంటి మీద ఒక్క చిల్లు లేని రాతిరొయ్యను, అంటే లాబ్‌స్టర్‌ను, సముద్రం అడుగునుంచి పైకి తెచ్చాడు మా ఆర్డెన్ స్వీటింగ్. ఫ్లోరిడా కీస్ దీవుల్లో ఏడు పడవలు సొంత చేతుల్తో కట్టినవాడు, నాలుగు తుపాన్లను చూసినవాడు, చర్చి పాటల బృందానికి ముప్పై ఏళ్లు గొంతిచ్చినవాడు. అయినా అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసిన గెలుపు ఇదే.

ఎందుకంటే అతని చేతికి అలవాటైంది రెండు మొనల ఈటె. చిన్నప్పుడు తండ్రి పక్కన పడవలో కూర్చుని, గాజు అడుగున్న బకెట్లోంచి నీళ్లలోకి చూస్తూ పొడిచేవాడు. ఇప్పుడు రొయ్యని పొడవడం నేరం. ముసలితనంలో వీపుకి గాలి సిలిండరు కట్టుకుని మునగడం నేర్చినా, ఆ పొడిచే బుద్ధి మాత్రం పోలేదు. జనవరిలో చిల్లుపడ్డ రొయ్యతో మత్స్యశాఖ అధికారికి దొరికిపోయాడు.

భార్య ఐవడెల్ ఒకటే మాట అంది. "ఇంకొక్క చిల్లు కనబడిందో, ఆ సిలిండర్లు అమ్మేస్తా. ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూద్దువుగాని."

ఆర్డెన్ తండ్రి ఈటె మొనలు పీకేసి, ఆ కర్రతోనే రొయ్యల్ని రాళ్ల కిందనుంచి అదిలిద్దామనుకున్నాడు. డైవింగ్ సామాన్ల కొట్టు నడిపే తియా దాని కొసను వేలితో నొక్కింది.

"అబ్బా! మేకు ఇంకా ఉంది, బాబాయ్. రొయ్యని అదిలిస్తావా, సూదిమందిస్తావా?"

"అది మా నాన్న కర్రే!"

"అయితే గోడకి తగిలించుకో. పట్టుబడితే బోనెక్కేది మీ నాన్న కాదు, నువ్వు."

మొద్దు కొస ప్లాస్టిక్ కర్ర, పిడి ఉన్న వల, కొలబద్ద తీసుకున్నాడు. కొలబద్దను పడవలో పెట్టుకుంటానంటే తియా మణికట్టుకే కట్టింది. "కొలిచేది నీళ్లలోనే. పైకి తెచ్చి కొలిచావో, అదీ తప్పే."

మార్చి ముప్పై ఒకటిన మునిగాడు. మొదటిది గుడ్లతో ఉంది, వదిలేశాడు. రెండోదాని వీపు పెంకు కొలతకు వెంట్రుకవాసి తక్కువ, అదీ పోయింది. మూడోది రాతి కింద మీసాలాడిస్తోంది. చెయ్యి దురదపెట్టింది. పళ్లు బిగించి, తోక వెనక మెల్లగా తట్టాడు. అది బయటికి నడిచొచ్చింది. వెనక వల పెట్టి ముందు కర్ర ఆడిస్తే వెనక్కి ఎగిరి వలలో పడింది. కొలిచాడు. సరిపోయింది.

రేవులో ఐవడెల్ దాన్ని తిరగేసి, బోర్లించి, వేలితో తడిమి చూసింది.

"పొడవలేదూ?"

"లేదే."

"మరెట్లా వచ్చింది?"

"బతిమాలాను."

ఆవిడ నవ్వాపుకోలేక సిలిండర్లను వచ్చే సీజన్‌కని తనే షెడ్డులోకి మోసుకెళ్లింది. వేట లేని నెలల్లో ఆర్డెన్ బహామాస్‌లోని స్పానిష్ వెల్స్‌కు, చెల్లెలి ఇంటి కప్పు వేయడానికి వెళ్లాడు. వేట మళ్లీ ఆగస్టు ఆరున మొదలు కాబట్టి, అయిదున తిరిగొస్తాడు.