కాజాలక్క ఇంటికి ఒకే చుట్టం

మా అక్కంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. మూడో అంతస్తు గదిలో కిటికీ పక్క మంచం మీద కాలు చాపుకుని, గుండీ పట్టే ఆ చిన్న చీలిక చుట్టూ దారంతో అంచు కడుతుంది. మిషన్ మీద కుట్టిన కాజా నాలుగు ఉతుకులకే పీచులు తేలుతుంది. అక్క కుట్టినది చొక్కా చిరిగినా చెక్కుచెదరదు. అందుకే వీధిలో అందరికీ ఆమె కాజాలక్క.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమకాలిని తినేసింది. చంకకర్ర మీద గదంతా చకచకా తిరుగుతుంది కానీ మెట్ల దగ్గర ఆగిపోతుంది. నిటారు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకసారి జారి పడింది. అప్పుడు టైలరు షాపతను, పాపం మంచికే, కిటికీకి తాడూ సంచీ కట్టించాడు. చొక్కాలు పైకొస్తాయి, కాజాలు పడ్డాక కిందికి పోతాయి. కూరలు, పాలు, మందులు అన్నీ ఆ సంచిలోనే. ఏర్పాటు ఎంత బాగా కుదిరిందంటే, ఇక ఎవరికీ ఆ మెట్లెక్కే పని లేకపోయింది. "కాజాలక్కా, సంచి వదులు!" అని కిందినుంచే కేకేసి పోతారు. ఆదివారం నేను వెళ్తాను. మిగతా రోజుల్లో ఆ గదిలోకి మనిషి రాడు.

ఒక్క సర్వే ఆవిడ తప్ప. వికలాంగులు నలుగురిలోకి వెళ్ళగలుగుతున్నారా, వెళ్ళలేకపోతే ఏది అడ్డొస్తోంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఏమైనా మారుతోందా అని ఒక సంస్థవాళ్ళు పరిశోధన చేస్తున్నారు. వాళ్ళ తరఫున ఆవిడ రెండేళ్ళకోసారి వస్తుంది, ఆ పాత ప్రశ్నలే మళ్ళీ అడుగుతుంది. ఓ గంట కూర్చుంటుందేమో. ఆ గంట కోసం అక్క కొత్త దుప్పటి పరుస్తుంది, ఉన్న ఒక్క కుర్చీని తళతళా తుడుస్తుంది. నాకోసం ఎప్పుడైనా తుడిచిందా? లేదు.

ఇలా ఉండగా మా పక్కింట్లో కింది గది ఖాళీ అయింది. మెట్టన్నది లేదు, తలుపు వెడల్పు, వీధిలోకి నేరుగా దారి. నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం వంకలు మొదలెట్టింది.

"అక్కడ వెలుతురు చాలదే."

"లైటు పెట్టిస్తా."

"షాపు దూరమైపోతుంది."

"షాపతనే తెచ్చిస్తానన్నాడు."

"ఆ గోడలు చెమ్మెక్కుతాయేమో..."

"గోడలొచ్చి నీతో చెప్పాయా?" నాకు ఒళ్ళు మండింది. "అసలు సంగతి చెప్పు!"

అక్క సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, "సర్వే ఆవిడ ఈ నెల్లోనే రావాలి," అంది.

"వస్తే రానీ. కొత్త అడ్రసు చెప్తే సరిపోయె."

"మీది వేరే ఏరియా. అక్కడికి ఇంకెవరినో పంపుతారట. కిందటిసారే అడిగి తెలుసుకున్నా."

మెట్లు దిగలేకపోతున్నానని చెప్పుకోవడానికి ఈ మహాతల్లి మెట్లపైనే ఉండిపోతానంటోంది!

"నీకేమన్నా పిచ్చా అక్కా?"

"పిచ్చే అనుకో. ఎలా ఉన్నావని అడగడానికే ఇన్ని మెట్లెక్కే మనిషి ఆవిడొక్కతే."

"మరి నేను?"

"నువ్వు తిట్టడానికి వస్తావు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనసు చివుక్కుమంది.

ఆ ఇంటి ఓనరమ్మను బతిమాలి ఆపాను. నెలంతా ఆగింది. చివరికి ఓ పొద్దున్నే ఫోన్ చేసి, "ఏమనుకోకమ్మా, వేరేవాళ్ళకి ఇచ్చేశాను," అంది. ఆమెను అని ఏం లాభం? అక్కను కడిగిపారేద్దామని బస్సెక్కి వెళ్ళాను, రొప్పుతూ మెట్లెక్కాను. నోరు తెరవబోతుండగానే నా వెనకాల ఆయాసపడుతూ వచ్చింది సర్వే ఆవిడ.

అక్క ముఖం చూడాలి! అంత వెలుగు ఆ ముఖంలో నేను ఎప్పుడో చిన్నప్పుడు చూశాను. తిట్లన్నీ మింగి ఓ మూల కూర్చున్నాను.

ఆవిడ మంచినీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, "ఈ మెట్లని ఎలా మర్చిపోతానమ్మా," అంది ఆప్యాయంగా. "అన్నట్టు, మీ అబ్బాయి చదువు అయిపోయిందా?"

మా అక్కకు పెళ్ళే కాలేదు.

నేను దిగ్గున లేచాను. అక్క నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. గట్టిగా పట్టుకుంది, నొప్పెట్టేంతగా.

"అయిపోయిందండీ," అంది. "ఉద్యోగంలో కూడా చేరాడు."

"అయ్యో, ఎంత మంచి మాట చెప్పారు! మీ కష్టం ఫలించిందమ్మా."

"మీ దయవల్లండీ."

తర్వాత మామూలు ప్రశ్నలు. గత నెలలో ఇల్లు దాటి ఎక్కడికైనా వెళ్ళారా? లేదండీ. బయటివాళ్ళెవరైనా మిమ్మల్ని చూడ్డానికి వచ్చారా? రాలేదండీ. మిమ్మల్ని ఆపుతున్నదేంటి? మెట్లండీ. అంతకుముందు ఒక్కో ప్రశ్నకూ ఒక్కో కథ చెప్పేదట. ఆ రోజు ముక్తసరిగా తేల్చేసింది. ఆవిడకింకా బోలెడు ఇళ్ళున్నాయట, పని తొందరగా అయినందుకు సంతోషపడుతూ దిగి వెళ్ళింది.

"ఎందుకలా అబద్ధం చెప్పావే?" అన్నాను.

"పాపం, అన్ని మెట్లెక్కి వచ్చింది. మొహం మీద ఎలా కాదంటాను?" అక్క కొత్త దుప్పటి చెరుగును వేళ్ళతో సాపు చేస్తోంది. చేసిందే చేస్తోంది. "ఆవిడకైనా గుర్తుంటాననుకున్నానే."

నేనెళ్ళి పక్కన కూర్చున్నాను. అక్క తలెత్తి, "ఆ గది ఇంకా ఉందా?" అనడిగింది.

"ఉందక్కా," అన్నాను. "ఎక్కడికి పోతుంది?"