గోడ కూల్చిన తమ్ముడు

మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద ఉంది. మిర్చి సీజన్లో మార్కెట్ గేటు దగ్గర మొదలైన లారీల వరుస మా వాకిలి దాకా వస్తుంది. ఆ వరుసలో విసుగెత్తిన ఒక లారీ వెనక్కి తిరగబోయి మా ప్రహరీని, దానికి ఆనించి కట్టిన బాత్రూంని కలిపి కూల్చేసింది. అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. మా బకెట్, సబ్బుపెట్టె మాత్రం దారిన పోయేవాళ్లందరికీ దర్శనమిచ్చాయి.

అత్తమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు పోయాను. లారీకి ఇన్సూరెన్స్ ఉందట, కేసు నడిస్తే నష్టపరిహారం వస్తుందట. ఫిర్యాదు రాస్తుండగా లారీ ఓనరు ఊడిపడ్డాడు. వస్తూనే అత్తమ్మ కాళ్లకు మొక్కి, నా వైపు తిరిగాడు.

“అక్కా, కేసులెందుకక్కా? నేను నీ తమ్ముని లెక్క. సీజన్ల లారీ ఠాణాల నిలబడితే ఆగమైత. గోడ నేను కట్టిస్త, జర కూడా ఫికర్ చేయకు.”

ఎస్సై ముఖం వెలిగిపోయింది. “తమ్ముడే అంటాండు గదమ్మా, ఇంకేం గావాలె? కాంప్రమైజ్ అని రాసియ్యుండ్రి.”

మా దగ్గర ఇదొక జబ్బు. ఎదుటివాడు వరుస కలిపితే చాలు, మన నోరు మూతపడుతుంది. ‘అక్కా’ అన్నవాడి మీద కేసేమిటని లోకం అనకముందే మనమే అనుకుంటాం. “పోరడు మంచోడే బిడ్డా, కాళ్లు మొక్కిండు” అని అత్తమ్మ నా చెవిలో తీర్పు కూడా చెప్పేసింది. నష్టపరిహారం అక్కర్లేదని రాసి సంతకం పెట్టాను.

లారీ బయటపడింది, తమ్ముడూ బయటపడ్డాడు. ముందు మేస్త్రీ మేడారం జాతరకు పోయిండన్నాడు. తర్వాత ఇసుక దొరకట్లేదన్నాడు. ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోతే, అక్కడి మనిషి నా సంతకాన్ని నాకే చూపించి మర్యాదగా పంపించాడు.

కూలిన గోడల జాగాలో టార్పాలిన్ కట్టి, చీకటి ఉండగానే స్నానాలు ముగించేవాళ్లం. లారీ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి టార్పాలిన్ ఏపాటి అడ్డం? ఒకరోజు ఎవడో పైనుంచి ఈల వేశాడు. డెబ్బై దాటిన అత్తమ్మ తడిచీరతో ఇంట్లోకి పరుగెత్తింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

రాఖీ పున్నమి వచ్చింది. బజార్లో అన్నిటికన్నా పెద్ద రాఖీ కొని, మిఠాయి పట్టుకుని తమ్ముడి ఇంటికి పోయాను. హాలు నిండా చుట్టాలు. నన్ను చూసి అతను లేచాడు గానీ, పారిపోవడానికి దారి లేదు. బొట్టు పెట్టి, రాఖీ కట్టి, పేడా నోట్లో పెట్టాను. అతని భార్య గబగబా లోపలికి పోయి చీర తెచ్చింది.

“చీర వద్దు తమ్మీ” అన్నాను, అందరికీ వినపడేటట్టు. “నువ్వు కాళ్లు మొక్కిన ముసలామె రోడ్డు మీద తానం చేస్తాంది. లారీలోళ్లు ఈలలేస్తాండ్రు. ఆమెకో గోడ కట్టియ్యి.”

పేడా అతని నోట్లోనే ఉండిపోయింది. మూలన కూర్చున్న వాళ్లమ్మ, “ఏందిరా అది?” అంది.

తెల్లారే మేస్త్రీ వచ్చాడు, ఇసుకా దొరికింది. గోడ, రేకుల కప్పు, తలుపు అన్నీ లేచాయి. ఇప్పుడు ఎదురుపడితే తమ్ముడు నన్ను ‘మేడమ్’ అంటున్నాడు.

తలుపు బిగించిన రోజు, పట్టపగలు, అత్తమ్మ బకెట్ తీసుకుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఎంతకీ రాకపోతే భయపడి తలుపు కొట్టాను.

“జర ఆగు బిడ్డా” అంది లోపలినుంచి. “నిమ్మళంగ నీళ్లు పోసుకుంటాన.”