మా పశువుల కొట్టంలో వీడియో గేమ్‌ల దుకాణం

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి పశువుల కొట్టంలోకి పరుగెత్తేదాన్ని. పశువుల కోసం కాదు. అవి అప్పటికే అమ్ముడుపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చాక మా ఊరు సాతంరాయిలో పొలాలన్నీ ప్లాట్లవుతుంటే ఎడ్లను ఎక్కడ మేపుతారు?

ఖాళీ కొట్టాన్ని మా అన్న శ్రీను కడిగి, సున్నం వేసి, వీడియో గేమ్‌ల దుకాణం పెట్టాడు. పశువులు మేత తినే గాడి మీద చెక్కలు పరిచి నాలుగు టీవీలు, నాలుగు గేమ్ మిషన్లు... డిగ్రీ మధ్యలో వదిలేసినవాడు. పొలం పోగా ఇంట్లో మిగిలిందంతా వాటిలోనే పెట్టాడు. ఈ దుకాణం కూడా పోతే మా ఇంటికి ఇంకో దారి లేదు.

ఎంత గోల ఉండేదో! ఒక్కో రిమోట్ కోసం ముగ్గురు కొట్టుకునేవాళ్లు. అందరిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే... దుకాణం మాదే కాబట్టి ఎవడూ నోరెత్తేవాడు కాదు. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే టీవీ చప్పుడు వినపడక అందరం కలిసి అరిచేవాళ్లం.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఒరిజినల్ డిస్కులు మాబోటి వాళ్లు కొనగలిగేవి కావు. కాపీ డిస్కులు నడిచేలా అన్న నాలుగు మిషన్లకూ లోపల చిప్ వేయించాడు. అప్పట్లో మాకు తెలిసిన దుకాణాలన్నింట్లో అదే పని. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా నాన్నకు, అదే మా బాపుకైతే ఎప్పటికీ తెలియలేదు.

కొన్నాళ్లకు శంషాబాద్ బస్టాండ్ దగ్గర ఇంకో దుకాణం తెరిచారు. అక్కడ నెట్ ఉంది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఎక్కడో ఉన్నవాడితో ఆడొచ్చు... తిట్టొచ్చు కూడా! వాళ్ల డిస్కులు ఒరిజినల్ అన్న ఒక్క తేడా తప్ప మావీ అవే మిషన్లు, అవే ఆటలు. అయినా పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు.

"అన్నా, నీ దగ్గర గెలిస్తే మన ఊరికే తెలుస్తది. ఆడ గెలిస్తే దునియా మొత్తం తెలుస్తది" అని ఒకడు ముఖం మీదే అనేశాడు. అన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక తప్పదని నెట్ పెట్టించాడు. దసరా నాడు ముహూర్తం. అంతకుముందు దసరాకు నాగలికీ బండికీ పూజ చేసేవాళ్లం. ఆ ఏడాది మాత్రం మిషన్లకు పసుపు కుంకుమ పెట్టాం. అన్న దోస్తు ఖాజా అన్న కూడా వచ్చాడు. చిప్ వేయించడానికి తోడు వెళ్లింది అతనే, నెట్ తగిలిస్తే ఆ చిప్ సంగతి కంపెనీవాళ్లకు తెలిసిపోతుందేమోనని లోపల భయం.

"అరే శ్రీనూ, ముందుగాల ఒక్కటే పెట్టి చూద్దాం. జర ఆగు" అన్నాడు.

కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ బాపు ఒప్పుకోలేదు. "పూజ చేసినంక ఒకటి పెట్టి మూడు ఇడుస్తరా? మంచి గడియ దాటిపోతది. అన్నీ ఒక్కపారే పెట్టు కొడుకా."

పెద్దాయన ముందు చిప్ మాట ఎత్తలేక ఖాజా అన్న ఊరుకున్నాడు. అన్న నాలుగింటికీ నెట్ తగిలించాడు.

కొన్నాళ్లు మా కొట్టంలో పండగే... పిల్లలంతా తిరిగొచ్చారు. బాపు కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని, అవతల ఎవడో పరాయి దేశంవాణ్ని "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. మేం పడీ పడీ నవ్వాం.

ఒక పొద్దున మిషన్లు ఆన్ చేస్తే నాలుగింటి మీదా ఒకటే ఇంగ్లీషు వాక్యం. ఇంగ్లీషు మీడియం దాన్నని నన్ను చదవమన్నారు. ఈ మిషన్‌ను ఆన్‌లైన్ నుంచి తీసేశారు అని చెప్పాను.

"ఎన్ని దినాలకు?" అని అడిగాడు బాపు.

"ఎప్పటికీ అని ఉంది బాపూ."

"గట్లెట్ల తీస్తరు? ఆఫీసు ఏడుంది? పోయి సారును బతిలాడుకుందాం పా."

పొలం కాగితాల కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో ఆయన... ఎక్కడైనా ఒక కుర్చీ, అందులో ఒక మనిషి ఉంటాడని నమ్మకం. ఇక్కడ మనిషే లేడు. చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, ఎటు పోవాలో తెలియక వాకిట్లోనే నిలబడ్డాడు.

మిషన్లు పాడు కాలేదు. డిస్క్ పెడితే ఆట వచ్చేది, ఆడేవాళ్లే లేరు. అమ్ముదామన్నా ఆన్‌లైన్ లేని మిషన్ ఎవరికి కావాలి? దుకాణం మూతపడింది. అన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే పనికి కుదిరాడు. ఇప్పటికీ అదే పని... నడుం పోయింది, మాటా తగ్గిపోయింది.

బాపు మాత్రం ఒక్కటే పట్టుకున్నాడు. "ఒకటే పెడితే ఒకటే పోతుండె. నా తొందరనే కొంప ముంచింది." అన్నం ముందు కూర్చున్నా అదే మాట, చుట్టాలొచ్చినా అదే మాట. ఆ తర్వాత ఏ పనికీ ముహూర్తం గురించి నోరు విప్పలేదు. నా పెళ్లికి కూడా "మీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

పోయినేడు దవాఖానలో, ఆఖరి రోజుల్లో, అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పొద్దు ఖాజా మాట ఇనేదుండె కొడుకా... నీ బతుకు ఆగం చేసిన."

అన్న తల వంచుకుని "పోనీ తియ్ బాపూ" అన్నాడు.

బాపు పోయాక ఖాజా అన్న నాకు చిప్ సంగతి చెప్పాడు. ఒకటి పెట్టినా నాలుగు పెట్టినా, ఏ గడియలో పెట్టినా, చిప్ ఉన్న మిషన్‌ను కంపెనీ కనిపెట్టి నెట్ నుంచి తీసేసేదేనట; మిగతా మూడు దాచినా నెట్ లేకుండా ఎందుకూ పనికొచ్చేవి కావు. బాపు తప్పు రవ్వంత కూడా లేదు.

అన్నను నిలదీశాను. "చెప్తే బాపు కండ్ల ముంగట దొంగనైతుంటి" అన్నాడు. నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు... ఆ నడుం నొప్పి చూస్తే జాలీ ఆగదు.

ఇప్పుడు మా అన్న కొడుకూ, పక్కింటి పిల్లాడూ గోడకు అటొకడు ఇటొకడు కూర్చుని ఆన్‌లైన్‌లోనే ఆడుకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మీ ఊళ్లోనూ ఇలాంటి గేమ్‌ల దుకాణం ఉండేదా? ఉంటే రాయండి, తప్పకుండా చదువుతాను. ఇంకో మాట... మీ ఇంట్లో ఎవరైనా తమది కాని తప్పును తమదే అనుకుని కుమిలిపోతుంటే, వాళ్లు బతికుండగానే చెప్పేయండి. మా బాపుకు ఎవరూ చెప్పలేదు.