క్రాండాల్ కొట్లో దొరకని నూనె

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున మా గ్రీన్‌విల్‌లో నల్లవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఓజెల్లా టిబ్స్ తయారుచేసే తలనూనె ఉండేది. కొట్లలో మాత్రం ఉండేది కాదు. కొనేవాళ్ళని వాళ్ళ వంటింట్లోనే కూర్చోబెట్టి ముందు తలంటాలి, ఆ తర్వాతే డబ్బా మూత తియ్యాలి. ఇల్లిల్లూ తిరిగి ఆ నూనె అమ్మే మా ఆడవాళ్ళకు ఓజెల్లా నేర్పిన పద్ధతి అది.

ఒకరోజు బజార్లో పెద్ద కొట్టున్న తెల్లదొర క్రాండాల్ ఆమెకు కబురు పెట్టాడు. నూనె అమ్మేవాళ్ళలో ఒకదాన్ని కాబట్టి నేనూ వెంట వెళ్ళాను.

"నీ నూనె తెగ పోతోందటగా ఓజెల్లా! నా కొట్లో ముందు వరసలో పెట్టిస్తా. ఇక ఇల్లిల్లూ తిరిగే బాధ ఉండదు," అన్నాడు దొర.

ఒప్పుకోమని మోచేత్తో పొడిచాను. ఆమె చూపు ఈస్టర్ పండక్కి ఆడవాళ్ళు కొనుక్కునే కొత్త టోపీల మీద ఉంది.

"అయ్యా, ఆ నీలం టోపీ ఓసారి పెట్టుకుని చూడనా?"

దొర మొహం మాడింది. "మీవాళ్ళు తలకి పెట్టిన టోపీ మళ్ళీ ఎవరు కొంటారు? కావాలంటే కొనుక్కుపో. రూలు తెలీదా?"

"తెలుసండీ. మా తలలే పనికిరాని కొట్లో మా తలనూనె ఎందుకండీ?"

వీధిలోకి రాగానే నాకు ఒళ్ళు మండింది. "బంగారంలాంటి బేరం పోగొట్టావు కదక్కా!"

"పోలేదే పిచ్చిమొహమా, ఇప్పుడే దొరికింది," అని నవ్వింది.

మరుసటి ఈస్టర్‌కి మా వీధిలో ఓజెల్లా టోపీల కొట్టు వెలిసింది. గుమ్మంలోనే నిలువుటద్దం పెట్టించింది. కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ దాని ముందు నిలబడి, టోపీ తర్వాత టోపీ పెట్టి చూసుకున్నారు.